మన పిల్లలు ఎదగకపోవడానికి మన జాతి కారణం కాదు

మా అక్క కూతురికి కొత్తల పండగకని సంతలో ఒక పచ్చ గౌను కొన్నాం. అప్పుడు దానికి ఐదేళ్ళు. రెండేళ్ళు గడిచినా ఆ గౌను దానికి సరిపోతూనే ఉంది. మా అమ్మ సంతోషపడింది. "బట్ట మంచిది, డబ్బులు మిగిలినయి" అంది. ఆ గౌను మాకేదో చెబుతోందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు. డిగ్రీ చదివిన నాకూ తట్టలేదు.

పిల్ల మందకొడిగా తయారైంది. ఆడుకోవడం తగ్గింది. ఎండాకాలంలో కూడా చలి అని దుప్పటి కప్పుకునేది. చర్మం ఎండిపోయి పొట్టు రాలేది. తోటి పిల్లలు దాన్ని దాటి పొడుగైపోయారు. అప్పుడు అక్క భయపడి ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడున్నాయన పిల్లని ఒకసారి, అక్కని ఒకసారి చూసి ఒకే మాటన్నాడు: "ఏజెన్సీ పిల్లలు ఇంతేనమ్మా. మీ జాతే అంత." బలానికని ఒక టానిక్ సీసా చేతిలో పెట్టాడు. ఇంకోచోటికి పోతే అక్కడా అదే మాట, ఇంకో సీసా.

మూడోసారి పట్నం పోయాం. అక్కడి డాక్టరమ్మ మందు రాయకముందే ఒక ప్రశ్న అడిగింది: "పోయినేడాది ఈ పాప ఎత్తు ఎంత?" మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి ట్రంకుపెట్టె అంతా వెతికితే అంగన్‌వాడీ వాళ్ళు ఇచ్చిన పాత కార్డు దొరికింది. దాంట్లో నాలుగేళ్ళు దాటేవరకు గీత బాగానే పైకి పోయింది. అంటే పిల్ల పుట్టుకతో పొట్టిది కాదు. బాగా ఎదుగుతూ ఎదుగుతూ మధ్యలో ఆగిపోయింది. రక్తపరీక్ష చేస్తే థైరాయిడ్ గ్రంథి పనిచేయడం లేదని తేలింది. దానికి మందు రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకునే ఒక చిన్న మాత్ర. ఒక టీ తాగే ఖర్చు కూడా కాదు.

రెండు ఆసుపత్రుల్లో ఆ పరీక్ష ఎందుకు రాయలేదు? తెలియక కాదు. థైరాయిడ్ గురించి వాళ్ళకి తెలుసు. అదే పిల్ల పట్నంలో ఇంకొకరి ఇంట్లో పుట్టి ఉంటే మొదటిరోజే రాసేవాళ్ళు. మన పిల్ల కాబట్టి "మీ జాతే అంత" అనే జవాబు ముందే సిద్ధంగా ఉంది. జవాబు ముందే ఉన్నప్పుడు ప్రశ్న ఎవరడుగుతారు?

మిత్రులారా, ఈ రోజు ఈ ఒక్క మాట గురించే రాస్తున్నాను. మనల్ని తిట్టినట్టు కూడా అనిపించని మాట ఇది. జాలితోనే అంటారు. మన అమ్మలు కూడా తలూపి "అవునయ్యా, మేమింతే" అంటారు. కానీ ఈ మాట రెండు పనులు చేస్తోంది. ఆకలిని కప్పిపెడుతోంది. రోగాన్ని కప్పిపెడుతోంది. పిల్లల ఎదుగుదల మీద డాక్టర్లు, శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన ఈ మాటను నిలబెట్టడం లేదు. ఆ సంగతి మనకు తెలియాలి.

కొలబద్ద ఏం చెబుతోంది

నేను డాక్టర్ని కాదు, బీఎస్సీ చదివినవాణ్ని. ఆ గౌను సంగతి తర్వాత దొరికింది దొరికినట్టు చదివాను. అర్థమైనంత చెబుతాను.

అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు, బరువు ఏ కొలతతో పోలుస్తారో తెలుసా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ప్రమాణాలతో. అవి ఊరికే కూర్చుని రాసినవి కావు. 1997 నుంచి 2003 దాకా ఆరు దేశాల్లో ఎనిమిదిన్నర వేలమంది పిల్లల్ని కొలిచారు. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా. మన దేశం నుంచి దక్షిణ ఢిల్లీ పిల్లలు. అందరూ తల్లిపాలు తాగినవాళ్ళు, తిండికి, వైద్యానికి లోటు లేని ఇళ్ళవాళ్ళు, పొగతాగని తల్లుల బిడ్డలు. రంగు వేరు, భాష వేరు, తిండి వేరు, వాతావరణం వేరు. ఐదేళ్ళలోపు వాళ్ళు ఎట్లా ఎదిగారో చూస్తే, దాదాపు ఒకే తీరు. పిల్లల ఎత్తుల్లో కనబడ్డ మొత్తం తేడాలో దేశం మారడం వల్ల వచ్చింది నూటికి 3 వంతులే. మిగతాది చాలావరకు ఒకే ఊళ్ళో ఒక పిల్లకీ ఇంకో పిల్లకీ మధ్య ఉండే మామూలు తేడా.

ఆ ఎనిమిదిన్నర వేలమందిలో మన గూడెం పిల్లల్లేరు, నిజమే. కానీ ఘనా పిల్లలూ నార్వే పిల్లలూ కడుపునిండా తింటే ఒకేలా ఎదిగినప్పుడు, కోయ పిల్లలు, సవర పిల్లలు, గోండు పిల్లలు మాత్రం వేరే మట్టితో చేసినవాళ్ళని ఎవరన్నా అంటే, రుజువు చూపించాల్సింది ఆ మాట అన్నవాళ్ళు. మనం కాదు.

ఇప్పుడు మన లెక్క చూడండి. ఆ ప్రమాణం ప్రకారం బాగా తిని బాగా ఎదిగే వందమంది పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 35.5 మంది అట్లా ఉన్నారు. షెడ్యూల్డ్ తెగల పిల్లల్లో 40.9 మంది. అంతకుముందు 2015-16 సర్వేలో మన పిల్లల లెక్క 43.8. నాలుగైదేళ్ళలో కాస్త తగ్గింది. జాతిలో ఉన్నదైతే నాలుగైదేళ్ళలో తగ్గుతుందా? నెత్తురు మారలేదు. తిండో, నీళ్ళో, టీకాలో, ఏదో కొంచెం మారింది. ఆ కొంచెం మారితేనే లెక్క కదిలింది.

ఒక్క మాట ఇక్కడే చెప్పుకోవాలి. పొట్టిగా ఉండటం తప్పు కాదు, సిగ్గు కాదు. మా తాత పొట్టివాడే, కొండెక్కితే ఆయన వెనక మేమెవ్వరం నడవలేకపోయేవాళ్ళం. ఒక ఇంట్లో పొడుగు, ఇంకో ఇంట్లో పొట్టి తల్లిదండ్రుల్ని బట్టి వస్తుంది. దాన్ని ఎవరూ కాదనరు. నేను మాట్లాడేది ఒక్క మనిషి పొడవు గురించి కాదు. గూడేలకు గూడేలే, వందలో నలభైమంది పిల్లలు ఎదగాల్సినంత ఎదగకపోవడం గురించి.

కొలబద్దను కురచ చేద్దామన్నవాళ్ళు

ఈ వాదన కొత్తది కాదు. 1980ల మొదట్లో డేవిడ్ సెక్లర్ అనే అమెరికా ఆర్థికవేత్త, పేద దేశాల్లో చిన్నగా ఉన్నవాళ్ళలో చాలామంది 'చిన్నవాళ్ళే కానీ ఆరోగ్యవంతులే' అని సిద్ధాంతం చేశాడు. తక్కువ తిండికి ఒళ్ళు సర్దుకుందట, దానివల్ల నష్టం లేదట. దీన్ని గట్టిగా ఎదిరించినవాళ్ళలో ముందున్నది డాక్టర్ సి. గోపాలన్. మన హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థను నడిపిన మనిషి. ఆయన వాదన సూటిగా ఉండేది: పేదోడి బిడ్డకు ఒక కొలత, ఉన్నోడి బిడ్డకు ఒక కొలత ఉండకూడదు. సర్దుకోవడం అంటే ఆరోగ్యం కాదు, లేమితో బతకడానికి ఒళ్ళు కట్టిన మూల్యం.

అది అయిపోయిందనుకుంటే 2013లో ఆర్థికవేత్త అరవింద్ పనగారియా మళ్ళీ అడిగారు: భారతీయ పిల్లలు జన్యువుల వల్లే కొంచెం పొట్టిగా ఉంటారేమో, ఈ ప్రమాణం మన దేశానికి సరిపోదేమో అని. ప్రశ్న అడగడం తప్పు కాదు. చాలామంది పరిశోధకులు జవాబులు రాశారు, ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది. కానీ మనం ఒకటి గమనించాలి. కొలబద్దను కురచ చేస్తే ఒక్క ముద్ద తిండి పెట్టకుండానే ఒక్క రాత్రిలో లక్షలమంది పిల్లలు కాగితం మీద 'ఆరోగ్యవంతులు' అయిపోతారు. ముందు నష్టపోయేది ఎవరు? ఆ గీతకు అందరికన్నా కింద ఉన్న మన పిల్లలే.

ఒళ్ళు ఎట్లా ఎదుగుతుంది

'జాతి' అనే మాట ఎందుకు చాలదో తెలియాలంటే ఒళ్ళు లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

పుట్టిన మొదటి ఏడాది బిడ్డ సుమారు 25 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండో ఏడాది 12 దాకా. తర్వాత నెమ్మదించి, నాలుగేళ్ళ నుంచి ఈడొచ్చేదాకా ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు. ఈడొచ్చేటప్పుడు మళ్ళీ ఒక్క ఊపు. మొదటి ఏడాది పరుగుకు తిండే ఇంజన్. ఆ తర్వాత మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే ఎదుగుదల హార్మోను, గొంతులోని థైరాయిడ్ హార్మోను చేతికి పగ్గాలు పోతాయి. ఈడొచ్చాక వాటికి సెక్స్ హార్మోన్లు తోడవుతాయి.

ఎదుగుదల హార్మోను నేరుగా ఎముకను సాగదీస్తుందనుకుంటాం. చాలావరకు అది కాలేయానికి కబురు పంపుతుంది. కాలేయం ఐజీఎఫ్-1 అనే ఇంకో పదార్థం తయారుచేస్తుంది. ఎముకల చివర్లలో పెరుగుదలను నడిపేది అది. ఇప్పుడు పిల్లకు కడుపునిండా తిండి లేదనుకోండి. పిట్యూటరీ కబురు పంపుతూనే ఉంటుంది, ఒక్కోసారి మామూలుకన్నా ఎక్కువ పంపుతుంది. కానీ కాలేయం పలకదు. తిండే లేనప్పుడు ఎముక పెంచడం కన్నా ప్రాణం నిలపడం ముఖ్యమని ఒళ్ళు నిర్ణయించుకుంటుంది. ఐజీఎఫ్-1 పడిపోతుంది, ఎముక ఆగుతుంది. మాటిమాటికీ మలేరియా, విరేచనాలు, జ్వరాలు వచ్చినా ఇదే తీరు. రోగంతో పోరాడే ఒళ్ళు ఎదుగుదలను పక్కనపెడుతుంది.

అంటే ఆకలి ఉత్త కడుపులో మంట కాదు. అది హార్మోన్ల దాకా పోతుంది. వాగునీళ్ళు తాగి నెలకోసారి విరేచనాలు పెట్టే పిల్ల పొట్టిగా ఉంటే దానికి కారణం వాళ్ళ నాన్న పొడవు కాదు, ఊళ్ళో చెడిపోయి పడున్న బోరింగు.

ఉప్మా తిన్న పిల్లలు

ఇదంతా పుస్తకాల్లో మాట అనుకునేవాళ్ళకి మన తెలుగు నేల మీద జరిగిన పరిశోధన చెబుతాను. నాకు బాగా నచ్చింది కూడా ఇదే.

1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర పల్లెల్లో ఐసీడీఎస్, అంటే మన అంగన్‌వాడీ పథకం, ఒక్కో ఊరికీ అప్పుడప్పుడే వస్తోంది. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 29 ఊళ్ళు తీసుకున్నారు. 15 ఊళ్ళలో పథకం మొదలైంది, 14 ఊళ్ళలో ఇంకా రాలేదు. మొదలైన ఊళ్ళలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో చేసిన మామూలు ఉప్మా. పిల్లల వాటా రోజుకు సుమారు 300 కేలరీలు.

పదిహేనేళ్ళ తర్వాత, 2003-05లో, పరిశోధకులు మళ్ళీ ఆ ఊళ్ళకు పోయారు. ఆ పిల్లలు అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళు. వెయ్యిమందికి పైగా పిల్లల్ని కొలిచారు, రక్తం పరీక్షించారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు. అర అంగుళమే కదా అంటారా? రక్తంలో ఏం దొరికిందో వినండి. ఇన్సులిన్‌కు ఒళ్ళు మొండికేసే గుణం వాళ్ళలో 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసుదనం కూడా తక్కువ. షుగరు, గుండెజబ్బు మొదలయ్యే దారుల్లో ఇవి రెండు. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు, చిన్నప్పుడు అందిన ఒక గిన్నె ఉప్మా, పదిహేనేళ్ళ తర్వాత నెత్తుటిలో కనబడింది! ఇది ఒక్క పరిశోధన, దీంతోనే అంతా తేలిపోయిందని నేననను. ఏ ఊళ్ళకు పథకం ముందు వస్తుందో చీటీలు తీసి ఎంచలేదు కాబట్టి ఊళ్ళ మధ్య వేరే తేడాలు కూడా ఉండొచ్చు. అవి మైదానపు పల్లెలు, మన గూడేలు కావు. కానీ మన అంగన్‌వాడీకి గుడ్లు రాలేదని, పాలు రాలేదని అడగబోతే "ఒక నెల రాకపోతే ఏమవుతుంది?" అనేవాళ్ళకి ఈ పరిశోధన చూపించండి.

ఇంకో సంగతి. డేవిడ్ బార్కర్ అనే ఇంగ్లండ్ డాక్టరు పాత పురుడు రికార్డులు తిరగేసి, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకు పెద్దయ్యాక గుండెజబ్బు, షుగరు ఎక్కువ వస్తున్నాయని చూపించాడు. పుణె దగ్గర ఆరు పల్లెల్లో 1993లో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం గర్భిణుల్ని, పుట్టిన బిడ్డల్ని కొలవడం మొదలుపెట్టింది. అక్కడ పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్ బిడ్డలది 3.5. మన బిడ్డలు చూడ్డానికి సన్నగా ఉన్నా, కండ తక్కువ, లోపల కొవ్వు పాలు ఎక్కువ. కడుపులో ఉన్నప్పుడే తిండి చాలని బిడ్డ, పెద్దయ్యాక రేషన్ బియ్యం, బిస్కెట్లు, కూల్‌డ్రింకుల మధ్య పడితే షుగరు తొందరగా పట్టుకుంటుంది. మన అమ్మలు తిన్న జొన్న, సామ, కొర్ర ప్లేటులోంచి పోయి హాస్టల్లో మూడు పూటలా అన్నమే అయిన తరం మనది. ఇది మన రేపటి కథ.

నగరం దాటని పరీక్షలు

ఇప్పుడు రోగం సంగతి. ఎదగని పిల్లలందరికీ తిండి ఒక్కటే కారణం కాదు. మా పిల్లకు తిండి పెడితే సరిపోయేది కాదు.

పుట్టుకతోనే థైరాయిడ్ పనిచేయని బిడ్డలుంటారు. పుట్టినప్పుడు చూస్తే ఏమీ తెలియదు. నెలలు గడిచేకొద్దీ మెదడు దెబ్బతింటుంది, అది మళ్ళీ రాదు. మొదటి రెండు వారాల్లో కనిపెట్టి మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది, చదువుకుంటుంది. కనిపెట్టడానికి కావాల్సింది మడమ మీద చిన్న గుచ్చు, కాగితం మీద నాలుగు చుక్కల నెత్తురు. కెనడాలో క్యుబెక్ రాష్ట్రం 1974లోనే ఈ పరీక్ష మొదలుపెట్టింది. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి ఐదు నగరాల్లో లక్షమందికి పైగా పసిబిడ్డల్ని పరీక్షిస్తే 1,130 మందిలో ఒకరికి ఈ జబ్బు తేలింది. ఆ నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. అంతకుముందే హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18 వేలమంది బిడ్డల్ని చూసిన పరిశోధన కూడా జరిగింది.

పరిశోధన నగరంలో జరిగింది, ఫలితం నగరంలోనే ఆగింది. ప్రైవేటు ఆసుపత్రిలో పురుడు పోసుకుంటే డబ్బు కట్టి ఈ పరీక్ష చేయించుకోవచ్చు. డోలీలో ఆసుపత్రికి వచ్చిన మన తల్లికి ఇట్లాంటి పరీక్ష ఒకటుందని కూడా తెలియదు. మన గూడేల్లో 'మందబుద్ధి' అని, 'దెయ్యం పట్టింది' అని మూలన కూర్చోబెట్టిన పిల్లల్లో ఎంతమంది రెండో వారంలో ఒక మాత్ర అందక అట్లా అయ్యారో! ఆలోచిస్తే కడుపులో దేవుతుంది.

సికిల్‌సెల్ ఇంకోటి. మన ఆదివాసీల్లో ఎక్కువగా ఉన్న నెత్తుటి జబ్బు. అది ఉన్న పిల్లలు ఎదుగుదలలో వెనకబడతారు, ఈడు ఆలస్యంగా వస్తుంది. 2023 జూలైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టి, 7 కోట్లమందికి పరీక్షలు చేస్తామని, 2047కల్లా జబ్బును లేకుండా చేస్తామని చెప్పింది. మంచిదే. కానీ పరీక్ష చేసి కార్డు చేతిలో పెట్టి పోతే సరిపోదు. ఆ పిల్ల ఎత్తు, బరువు ఎవరు చూస్తారు? మందులు నెలనెలా ఎవరిస్తారు?

పరిశోధన అంటే మనకెందుకు భయం

"రక్తం ఇవ్వండి, పరీక్ష చేస్తాం" అంటే మన ఊళ్ళలో పెద్దవాళ్ళు వెనక్కి జరుగుతారు. దాన్ని మూఢత్వం అనే ముందు చరిత్ర చూడాలి.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ఏజెన్సీతో సహా, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేలమందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆపే హెచ్‌పీవీ టీకా వేశారు. అది పాత్ అనే అమెరికా సంస్థ నడిపిన అధ్యయనం. పిల్లల్లో చాలామంది హాస్టళ్ళలో ఉన్న ఆదివాసీ ఆడపిల్లలు. ఎన్నోచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. కానీ ఒప్పుకోలు తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో గట్టిగా తప్పుబట్టింది.

టీకా చెడ్డదని నేననడం లేదు. అది ప్రాణాలు కాపాడే టీకా, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. తప్పు జరిగింది అడగడంలో. మన పిల్లల మీద సంతకం పెట్టే హక్కు వార్డెన్‌కు ఎవరిచ్చారు? అమ్మ ఊళ్ళో బతికే ఉంది కదా.

చూడండి ఎంత విచిత్రమో. మనకు లాభం వచ్చే పరిశోధన నగరం దాటి రాదు. అనుమతి సరిగా తీసుకోని అధ్యయనానికి మాత్రం మన హాస్టళ్ళు సులువుగా దొరుకుతాయి. కాబట్టి మనం పరిశోధన వద్దు అనకూడదు. మన భాషలో చెప్పి, మనల్ని అడిగి, ఫలితం మళ్ళీ మన గ్రామసభకు వచ్చి చెప్పే పరిశోధన కావాలి అనాలి. వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, 7 ఏళ్ళు దాటిన పిల్ల ఒప్పుకోలు కూడా తీసుకోవాలి. ఈ సంగతి మన హాస్టల్ పిల్లలకు తెలియాలి.

మన పని, వాళ్ళ పని

ముందు మన పని. చదువుకున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్కరోజు అంగన్‌వాడీలో కూర్చోండి. గోడమీద టేపు సరిగా ఉందో లేదో చూడండి. రెండేళ్ళలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, దాటినవాళ్ళను చెప్పులు తీయించి నిలబెట్టి కొలవాలి. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉంటే ఆ బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఈ కొలత ఆరు నెలల నుంచి ఐదేళ్ళ పిల్లలకు. నాలుగేళ్ళు దాటిన పిల్ల ఏడాదిలో నాలుగు సెంటీమీటర్లు కూడా పెరగకపోతే డాక్టరుకు చూపించాలి. కార్డును ట్రంకుపెట్టెలో దాయకండి, ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ చేతిలో పట్టుకుపోండి. అంగన్‌వాడీ అక్కను దబాయించకండి. ఆమెకి తూకం మిషను పాడైతే, ఫోన్లో సిగ్నల్ లేకపోతే తిట్లు, పని రెండూ ఆమె మీదే పడుతున్నాయి. ఆమె తరఫున నిలబడండి.

ఇక సర్కారుకు మన అడుగుడు:

1. ఏజెన్సీలో పుట్టిన ప్రతి బిడ్డకు థైరాయిడ్, సికిల్‌సెల్ పరీక్ష ఉచితంగా చేయాలి. ఫలితం రెండు వారాల్లో తల్లికి చేరాలి.

2. బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. దాని బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. వచ్చిందా లేదా, ఏ పిల్లను ఎక్కడికి పంపింది, గ్రామసభలో చదివి వినిపించాలి.

3. ఆశ్రమ పాఠశాలల్లో ప్రతి పిల్ల ఎత్తు ఆరునెలలకోసారి రాయాలి. ఎదుగుదల ఆగిన పిల్లను పెద్ద డాక్టరుకు చూపించే బాధ్యత, దారిఖర్చు ఐటీడీఏది.

4. అంగన్‌వాడీకి గుడ్డు, పాలు, పప్పు నెలంతా రావాలి. వానాకాలం వాగు పొంగే ఊళ్ళకు ముందే నిల్వ పెట్టాలి.

5. మన పిల్లల మీద ఏ పరిశోధన జరగాలన్నా గ్రామసభకు ముందు చెప్పాలి, తల్లిదండ్రుల అనుమతి వాళ్ళ భాషలో తీసుకోవాలి. వార్డెన్ సంతకం చెల్లదు.

ఇవి గొంతెమ్మ కోరికలు కావు. చాలావాటికి పథకాలు, నిబంధనలు ఇప్పటికే కాగితం మీద ఉన్నాయి.

ఇక ఎవరైనా మీ ముందు "మీ జాతే అంత" అంటే తలూపకండి. కోప్పడకండి కూడా. కార్డు తీసి ముందు పెట్టి ఒక్కటే అడగండి: "పోయినేడాది ఎంత ఉంది, ఈ ఏడాది ఎంత ఉంది, ఎందుకు ఆగింది? పరీక్ష రాయండి." ఆ ప్రశ్న మా ఇంట్లో రెండేళ్ళు ముందే అడిగి ఉంటే మా పిల్ల రెండేళ్ళు పోగొట్టుకునేది కాదు.

మాత్ర మొదలుపెట్టాక ఏడాది తిరిగేసరికి పచ్చ గౌను మోకాళ్ళు దాటి పైకి పోయింది. మొన్న పండక్కి మా అమ్మ దాన్ని పక్కింటి చిన్నపిల్లకు ఇచ్చేసింది. "మళ్ళీ కొనాల్సొచ్చింది, డబ్బులు ఖర్చు" అని గొణిగింది. గొణుగుతూనే నవ్వింది.

జై ఆదివాసీ! జోహార్!